తడి రన్‌వే మీద తప్పుడు గాలి

1948 సెప్టెంబరు. దొంగ ఆయుధాల ముఠా పంపిన తంతి (టెలిగ్రాం) గుట్టు పసిగట్టినందుకు మెట్టుగూడ రైల్వే గుమాస్తా సుందరరాజును కాల్చి చంపారు. మూడో రోజున అతని తమ్ముడు, సీక్రెట్ ఏజెంట్ దేవానందానికి అసైన్‌మెంట్ వచ్చింది.

మోండా మార్కెట్లో ఉల్లిగడ్డలు అమ్మే సోమయ్య నిజానికి ఇండియన్ ఇంటెలిజెన్స్ మనిషి, దేవానందం చీఫ్. బ్రీఫింగ్ రెండే నిమిషాలు. ఆయుధాలు చేరవేసే విదేశీ పైలట్ హార్లన్ మధ్యాహ్నం మూడింటికి అల్వాల్ అవతలి రహస్య రన్‌వే మీద దిగుతాడు. విమానంలో మూడొందల మెషిన్‌గన్లు. చీకటి పడేలోగా ముఠా వాటితో ఊళ్ల మీద పడుతుంది. ఇండియన్ సైన్యం రేపటికి గానీ రాదు.

"మీ అన్నను కాల్చింది వాడే," అన్నాడు సోమయ్య. "గని వాడు పాణంతోని కావాలె బిడ్డా. పేర్లన్నీ వాని నోట్లె ఉన్నయి."

దేవానందం మాటివ్వలేదు.

మెకానిక్ వేషంలో రన్‌వే చేరేసరికి వాన దంచుతోంది. గాలి ఎటు నుంచి వీస్తోందో పైలట్‌కు చూపేది నేల మీద చేత్తో తిప్పిపెట్టే తెల్లటి చెక్క 'టీ' గుర్తు. గాలికి ఎదురుగా దిగితే విమానం త్వరగా ఆగుతుంది. గాలి వెనక నుంచి తోస్తుంటే, పైగా రన్‌వే తడిగా ఉంటే, చక్రాలు నీళ్ల మీద జారతాయి, బ్రేకులు పట్టవు. కాపలావాళ్లు షెడ్డులో తలదాచుకోగానే అతను ఆ టీని వెనక్కి తిప్పేశాడు.

అక్కణ్ణుంచి వైర్‌లెస్ గదిలోకి వెళ్లాడు. సెట్టు దగ్గర డోరా కూర్చుని ఉంది. క్లబ్బులో పాడే అందగత్తె. ముఠా దగ్గర జీతం తీసుకుంటూ సోమయ్యకు కబుర్లు చేరవేస్తుంది. ఆమె చివరికి ఎవరి మనిషో దేవానందానికి నమ్మకం లేదు.

గాలి ఎటు నుంచని హార్లన్ విమానంలోంచి వైర్‌లెస్‌లో అడిగాడు. డోరా కిటికీలోంచి టీని చూసింది. తర్వాత దేవానందాన్ని చూసింది. పనిముట్ల సంచిలో అతని చెయ్యి పిస్టల్ మీదుంది. తిప్పిన టీ గాలి పడమటిదని చూపుతోంది, నిజానికి అది తూర్పు నుంచి వీస్తోంది.

"వెస్ట్," అంది డోరా మైకులో.

నీళ్లు చిమ్ముకుంటూ దిగిన విమానం ఆగలేదు. రన్‌వే దాటి, గట్టును ఢీకొని, వరిమడిలో ముక్కు పాతేసింది. గట్టు పక్కన మాటుగా ఆపిన కూరగాయల బండ్లలోంచి దూకిన సోమయ్య మనుషులు కాపలావాళ్లను చుట్టుముట్టారు.

కాక్‌పిట్ నిండా పెట్రోలు వాసన. కాలు విరిగి, బెల్టుకు వేలాడుతున్నాడు హార్లన్. దేవానందం పిస్టల్ అతని నుదుటికి ఆనించాడు. మూడు రోజులుగా ఈ క్షణం కోసమే బతికాడు.

బురదలో పడుతూ లేస్తూ వచ్చింది డోరా.

"కాలిస్తే ఒక్కడే సస్తడు," అంది రొప్పుతూ. "బయటికి గుంజు. ముఠా మొత్తం దొరుకుతది."

అతను పిస్టల్ దించాడు. బెల్టు కోసి హార్లన్‌ను బయటికి లాగాడు. విరిగిన కాలు పట్టుకునే లాగాడు.

హార్లన్ చెప్పిన పేర్లతో తెల్లారేసరికి పదకొండు మంది దొరికారు. రిపోర్టులో 'ప్రమాద కారణం' అన్నచోట దేవానందం ఒకే మాట రాశాడు: వాన.