అగ్రశ్రేణి కాకి

ఈదురుగాలి ఊపేస్తున్న మిట్టమధ్యాహ్నం ఎర్రమిట్ట గుట్టల మీది గాలిమరలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎందుకా అని ఇంద్రజ తెర మీద వెతికితే, ఆకాశం మొత్తానికి ఒకే ఒక్క కాకి కనిపించింది.

అదీ తొందరేమీ లేనట్టు, ఒక మర మీంచి ఇంకో మర మీదికి షికారు చేస్తోంది.

ఈ వారంలో ఇది మూడోసారి. కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు గొంతు చించుకుంటున్నాయి. 2071లో మూడు జిల్లాల బస్సులూ, లిఫ్టులూ, ఏసీలూ ఈ గాలి మీదే బతుకుతున్నాయి మరి. అనంతపురంలో ఓ పెళ్ళికొడుకు లిఫ్టులో ఇరుక్కుపోయాడట. పురోహితుడు తలుపు బయట నిలబడి ముహూర్తం దాటిపోతోందని కేకలు పెడుతున్నాడట.

తప్పంతా రెక్కకాపరి మీద పడింది. పక్షులు మరలకు తగలకుండా కాచే ఆ యంత్రం ఇంద్రజ సృష్టి. పూర్వం గాలిమరల కింద గద్దలూ రాబందులూ ముక్కలై పడేవి. ఇప్పుడు ప్రతి స్తంభానికీ ఒక రాడార్, వేడిని పసిగట్టే కెమెరా ఉన్నాయి. ఏ రెండు పక్షులూ ఒకేలా రెక్కలాడించవు. ఆ తేడాకి ఇంద్రజ 'రెక్కముద్ర' అని పేరు పెట్టింది. యంత్రం ఆ ముద్రను దూరం నుంచే గుర్తుపట్టి, పక్షి దారిలో ఉన్న ఒక్క మరను మాత్రం కొద్ది క్షణాలు ఆపుతుంది. పక్షులకు శ్రేణులు కూడా ఉన్నాయి. అగ్రశ్రేణి బట్టమేక పిట్టది. ఇక లేదనుకున్న ఆ జాతి గుట్ట కింది గడ్డిలో మళ్ళీ గుడ్లు పెడుతోంది. చిట్టచివరి శ్రేణి కాకిది, దాని కోసం ఏ మరా ఆగదు. దాని జాగ్రత్త అది చూసుకోగలదని అందరికీ గట్టి నమ్మకం.

స్పీకర్ ఫోన్‌లో సంస్థ చైర్మన్ త్రిపురాంబ గొంతు ఖంగుమంది.

"ఏమ్మా ఇంద్రజా, ఒక కాకి కోసం మూడు జిల్లాలు ఉక్కపోతలో చావాల్నా?"

"ఏదో పొరపాటు జరిగింది మేడం, చూస్తున్నా..."

"నేను లైన్‌లోనే ఉంటా. ఫోన్ పెట్టేలోగా కారణం తేల్చు. తేలకపోతే నీ రెక్కకాపరిని పీకించేస్తా. మరలు వాటి మానాన అవి తిరుగుతాయి."

"గుడ్లు పొదిగే కాలం మేడం! బట్టమేకలు ఒక్కటి మిగలదు."

"అయితే బిన్నా తేల్చు, టైము లేదు."

ఇంద్రజ పక్కకు చూసింది. డాక్టర్ మల్లికార్జున టీ తాగుతున్నాడు. ఆమెకు పని నేర్పిన గురువు ఆయనే. ఈ మరలు ప్రారంభించిన రోజు గుమ్మడికాయ కొట్టబోయిన కాంట్రాక్టరును గుట్ట దిగేదాకా తరిమిన మనిషి. అంతటి హేతువాది ఇవాళ ఎందుకో కప్పులోంచి తలెత్తడం లేదు.

"సార్, మీరైనా చెప్పండి. ఇదేంది?"

"సెన్సార్ తప్పయ్యుంటుందిలేమ్మా," అన్నాడాయన.

ఇంద్రజ మైకు దగ్గరికి లాక్కుంది. "రెక్కకాపరీ, మరలన్నీ ఎందుకు ఆపావు?"

"అగ్రశ్రేణి పక్షి విహరిస్తోంది," యంత్రం వినయంగా చెప్పింది.

"అది కాకి!"

"బాలపుల్లయ్య గారు."

గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కాకికి గారు ఏంది?" అంది ఇంద్రజ.

"గారు లేకుండా పిలవద్దని ఆదేశం. వారి దారికి ఎక్కడా అడ్డు ఉండకూడదని కూడా ఆదేశం. వారు ఏ దారిన వెళ్తారో వారికే తెలియదు కాబట్టి అన్నీ ఆపుతున్నాను."

"ఎవరిచ్చారు ఆ ఆదేశం?"

"చెప్పవద్దన్నారు."

"ఎవరు చెప్పవద్దన్నారు?"

"మీ పక్కన టీ తాగుతున్నవారు."

ఆయన కప్పు కింద పెట్టేశాడు. "అబద్ధమాడడం నేర్పించలేదేమ్మా దీనికి?" అన్నాడు మల్లికార్జున నీరసంగా.

"సార్!"

"ఇంద్రజా, టైమయింది," ఫోన్‌లో త్రిపురాంబ అంది. "ఆ యంత్రానికి మతి పోయింది. పీకేయిస్తున్నా."

మల్లికార్జున ఇంద్రజ మొహం చూశాడు. కిటికీలోంచి గడ్డి వైపు చూశాడు. ఫోన్ మీదికి వంగాడు.

"యంత్రానికేమీ కాలేదు మేడం, పోయింది నా మతి. బాలపుల్లయ్య మా నాయన. ఎనభై రెండేళ్ళ వయసులో స్కూటర్ మీద ఊరంతా తిరుగుతుంటే, పడతాడని తాళాలు దాచేసినా. పోయేదాకా అడుగుతానే ఉన్నాడు. కర్మ రోజు పిండం పెడితే ఒక్క కాకీ ముట్టలేదు. ఎండలో కాళ్ళు కాలుతున్నాయి, చుట్టాలు నన్నే చూస్తున్నారు. ఆకలితో మా బావ కళ్ళు తేలేస్తున్నాడు. మీ నాయనకు ఏదన్నా మాటియ్యరా అన్నారు చుట్టాలు. 'నాయనా, ఇంక నువ్వు యాడికి పోయినా నీకు అడ్డుండదు' అన్నా. అనీ అనకముందే ఈ కాకి వాలి ముద్ద తినేసింది. నేను సైంటిస్టును కదా మేడం, ఊరికే నమ్మలేదు. ఫోన్ తీసి రెక్కముద్ర తీసుకున్నా. సోమవారం ఆ ముద్రే సరాసరి మన మరల మీదికొచ్చింది. నేనేం చేసేది? ఇచ్చిన మాట రెక్కకాపరికి ఎక్కించినా. ఇప్పుడే తీసేస్తా, నా ఉద్యోగం కూడా తీసేయండి. పిల్ల కష్టాన్ని మాత్రం పీకొద్దు. ఇంకొక్క ఐదు నిమిషాలు ఆగండి మేడం, ఆయన ఇంకా ఏడో మర కాడే ఉన్నాడు. ఎప్పుడూ అంతే, బయల్దేరు అంటే ఒకపట్టాన తెమలడు."