తేనె సందులో వరుడి బొమ్మ

1937 డిసెంబరు నాలుగో తేదీ, శనివారం. సాయంత్రం అయిదుంబావు. డెవెంటర్ ఊళ్ళో వీధి దీపాలు అప్పుడే వెలిగించారు.

ఆ ఊళ్ళో తేనె సందని ఒకటుంది. పెద్ద చర్చి వెనకనుంచి నది వైపు జారుతుంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఒత్తుకోవాలి. పగలు అక్కడ పిల్లలు గోలీలాడుకుంటారు. దీపాలు పెట్టాక మాత్రం... ఆ సందులో ఎవరూ ఏదీ కొనరు. ఎవరైనా పిలిచి ఇచ్చినా పుచ్చుకోరు. ఎందుకని అడిగితే, చలి ఎక్కువైందనో, రైలు వేళైందనో మాట మార్చేస్తారు.

మా మేనత్త హిల్లికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆ పొద్దున్నే మా ఊరు ఓల్స్ట్‌లో రైలెక్కి డెవెంటర్ చూడ్డానికి వచ్చింది. వెంట ఆమెను చేసుకుంటానన్న లుబ్బెర్ట్. వాళ్ళిద్దరికీ కాపలాగా ఆమె మేనత్త బెరెండీన. చర్చి చూశారు, నది చూశారు, వెన్న రాసిన తేనె కేకు కాఫీలో ముంచుకు తిన్నారు. చూడవలసినవన్నీ అయ్యాయి. కొనవలసినదే మిగిలిపోయింది.

మా వైపు నికోలాస్ పండుగకి ఒక ఆచారముంది. పెళ్ళాడదలచినవాడు వరుడి బొమ్మ తేవాలి. మసాలా పిండిని చెక్క అచ్చులో ఒత్తి కాల్చిన మనిషి, మూరెడు పొడుగు, టోపీ, కోటు, గుండీలతో సహా. పెద్దల ఎదుట దాన్ని పిల్ల చేతికివ్వాలి. ఆమె విరుస్తుంది. తల విరిచి అతని చేతిలో పెడితే ఒప్పుకున్నట్టు. కాళ్ళు విరిచి పెడితే, వచ్చిన దారినే నడవమని. నోరు విప్పే పనిలేదు.

లుబ్బెర్ట్ రెండేళ్ళుగా వస్తున్నాడు, పోతున్నాడు. బొమ్మ మాత్రం తేలేదు. మా తాతయ్య హార్మెన్ చర్చిలో సంఘపెద్ద. మాట తక్కువ మనిషి. "ఈ పండక్కి బొమ్మ రాకపోతే ఇక ఆ అబ్బాయి మన గడప తొక్కక్కర్లేదు" అనేశాడు. పండుగ ఆ మర్నాడే, ఆదివారం పడింది. ఆదివారం మా ఇంట కొనడాలూ లేవు, బండి కట్టడాలూ లేవు. అంటే ఏదైనా ఆ సాయంత్రమే జరగాలి.

"ఏవయ్యా లుబ్బెర్ట్, పొద్దుట్నించి మూడు దుకాణాలు దాటాం" అంది బెరెండీన. "ఒక్కదాంట్లోనూ నీ పోలిక దొరకలేదా?"

"జనం ఎక్కువగా ఉన్నారు అత్తయ్యగారూ."

"జనముంటేనే దుకాణమంటారు నాయనా. లేకపోతే స్మశానమంటారు." ఆమె అతని కోటు వైపు చూసింది. "అదేమిటి, ఒక పక్కకి లాగుతోంది? అంచులో ఏదో జారినట్టుంది. ఇంటికెళ్ళాక ఇలా తే, కుట్టిపెడతాను."

"పాత కోటు. చలికాలంలోనే బయటికి తీస్తాను" అని, రైలు ఎప్పుడో కనుక్కొస్తానని అతను స్టేషన్ వైపు నడిచాడు. అతను తేనె సందు మొగలోంచి కాకుండా సంత చుట్టూ తిరిగి వెళ్ళడం హిల్లి గమనించింది. ఎందుకో ఆలోచించలేదు. ఆమె మనసంతా ఒక్కటే – వట్టి చేతులతో ఇంటికి వెళ్తే నాన్న తలుపేసేస్తాడు.

అప్పుడు కనిపించింది... సందు మధ్యలో ఒక కిటికీ వెలుతురు. కిటికీలో నిలబెట్టిన వరుడి బొమ్మలు.

పిల్ల తన బొమ్మ తనే కొనుక్కోకూడదు. కొనుక్కుంటే మా ఊళ్ళో చచ్చేదాకా అంటారు, మొగుణ్ణి దుకాణంలో తెచ్చుకుందని. హిల్లికి అది తెలుసు. అయినా, కొని అతని చేతిలో పెడితే, అతనిచ్చినట్టే కదా అనుకుంది.

బెరెండీన ఓ బల్ల మీద కూర్చుని బూటు ముడి విప్పుకుంటోంది. హిల్లి సందులోకి అడుగుపెట్టింది.

మొగలో వేడివేడి బఠాణీ సూపు అమ్మే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మాయీ... అటు వద్దు."

"ఒక్క నిమిషం బామ్మా. దీపముంది కదా."

"దీపముందనే వద్దంటున్నా."

హిల్లి ఆమె చేతి కిందనుంచి తప్పుకుంది.

దుకాణంలోకి వెళ్ళగానే మొదట తోచింది... చలి. రొట్టెల పొయ్యి నోరు తెరిచే ఉంది. లోపల ఎర్రగా ఏమీ లేదు. తేనె వాసన లేదు, దాల్చినచెక్క వాసన లేదు. బావి దగ్గర రాయి వాసన వేస్తోంది.

బల్ల వెనక ఒక ఆవిడ. తెల్ల టోపీ. మోచేతులదాకా పిండి. వయసు హిల్లి అంతే ఉంటుంది.

"వరుడి బొమ్మ కావాలి" అంది హిల్లి.

"ఎవరిస్తున్నారు నీకు?"

గుసగుస. హిల్లి కూడా తెలియకుండానే గొంతు తగ్గించింది. "లుబ్బెర్ట్."

ఆవిడ నవ్వలేదు. తలాడించింది... ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న బేరం వచ్చినట్టు.

"ఆయనది చేసే ఉంచాను" అంది. "పిండి బాగా నానాలి కదా. ఏడాది నానింది."

బల్ల కిందనుంచి అప్పటికే చుట్టిపెట్టిన పొట్లం తీసింది. హిల్లి పర్సు విప్పబోతే వద్దని చెయ్యి ఊపింది.

"విప్పింతరవాత నీకు తక్కువనిపిస్తుంది" అంది. "తల ఆయన దగ్గరుంది. అడుగు."

"తలా?"

"నేను ముందే ఇచ్చేశాను."

పొట్లం అందించడానికి ఆవిడ బల్ల చుట్టూ వచ్చింది. చెక్క బూట్లు టకటకమన్నాయి. పావడా అంచు తడిసి, నేల మీద చారగా నీళ్ళు గీసుకుంటూ వచ్చింది.

హిల్లి బయటికి నడిచింది. పరుగెత్తలేదు. పరుగెత్తకూడదని ఎందుకో అనిపించింది... సందు మొగ చేరాక వెనక్కి చూసింది. దీపం లేదు.

రైల్లో లుబ్బెర్ట్ పొట్లం చూశాడు. "ఎక్కడ కొన్నావు?"

"తేనె సందులో. నేనే కొన్నానని నాన్నతో అనకండి. మీరిచ్చినట్టే ఉంటుంది."

అతని మొహం కాగితంలా అయింది. బెరెండీన కునుకుతోందా అని చూసి, వంగి, గుసగుసగా అన్నాడు – "కిటికీలోంచి పడెయ్."

హిల్లికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తను కొన్నందుకు నామోషీ పడుతున్నాడనుకుంది. పొట్లం ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ఒడి తడిసింది. బయటి మంచు అనుకుంది. ఎదురుగా అతను కాళ్ళు కదిపినప్పుడల్లా కోటు అంచు బల్లకు తగిలి – టక్... టక్...

ఇంట్లో భోజనాలయ్యాయి. మా తాతయ్య కీర్తన చదివి, పుస్తకం మూసి, కళ్ళద్దాలు తీశాడు.

"రేపు ప్రభువు దినం. బొమ్మలాటలు రేపటికి పెట్టుకోవద్దు. తెచ్చినదేదో ఇప్పుడే కానివ్వు లుబ్బెర్ట్."

లుబ్బెర్ట్ కదల్లేదు. హిల్లే పొట్లం తెచ్చి అతని ముందు పెట్టింది. అతను దారం ముట్టుకోలేదు. ఆఖరికి ఆమే విప్పింది.

మనిషి ఉన్నాడు. కోటుంది, గుండీలున్నాయి, చేతిలో కర్ర ఉంది. మెడ దాకా ఉన్నాడు. ఆ పైన లేదు.

"దారిలో విరిగింది పాపం" అంది బెరెండీన. కాగితంలో వెతికింది. తల లేదు. నదిలో నాచు పోగు ఒకటి ఆమె వేళ్ళకి అంటుకుంది.

హిల్లి అతని వైపు చూసింది. "తల మీ దగ్గరుందట. అడగమంది."

"నా దగ్గరేముంటుంది?" అతను కుర్చీ వెనక్కి తోసి లేచాడు. కోటు అంచు కుర్చీకోడుకి తగిలింది – టక్.

బెరెండీన ఇంకేమీ అడగలేదు. కుట్టుపెట్టెలోంచి కత్తెర తీసి, అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కోటు లోగుడ్డ కోసింది. చిరిగిన జేబులోంచి ఎప్పుడో జారినది ఆమె అరచేతిలో పడింది.

టోపీ పెట్టుకున్న చిన్న తల. ఏడాది పాతది, రాయిలా ఎండిపోయింది.

దాన్ని బొమ్మ మెడ దగ్గర పెట్టింది. అతుక్కుపోయింది. గీత కూడా కనబడలేదు.



"నీకు తల విరిచిచ్చిన పిల్ల ఎవరు?" మా తాతయ్య గొంతు పెంచలేదు.

"...స్టీనా. తేనె సందులో, బేకరీ పిల్ల."

"ఇప్పుడెక్కడుంది?"

"క్రితం క్రిస్మస్‌కి ముందు... నదిలో దొరికింది. దుకాణం అప్పుడే మూసేశారు."

"నువ్వు మాటిచ్చాక మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళలేదు. వెళ్దామనే..."

హిల్లి ఏడవలేదు. అతుక్కున్న తలను ముట్టుకోలేదు. అది తనది కాదని ఆమెకు తెలిసిపోయింది. బొమ్మ రెండు కాళ్ళూ పట్టుకుని విరిచింది. అతని చెయ్యి తెరిచి, అందులో పెట్టి, వేళ్ళు మూసింది.

లుబ్బెర్ట్ టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. అతనివి తోలు బూట్లు. మెట్లు దిగి, గేటు దాటి, ఆ చప్పుడు రోడ్డెక్కింది. దాని పక్కనే, అడుగుకి అడుగు... చెక్క బూట్లు టకటక.

బెరెండీన విన్నది. హిల్లి విన్నది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు తెల్లవారకముందే లుబ్బెర్ట్ తల్లి తలుపు కొట్టింది. కొడుకు రాత్రి ఇల్లు చేరలేదు. రాత్రి బల్ల మీద గుడ్డ కప్పి ఉంచిన బొమ్మ కోసం బెరెండీన చూసింది. గుడ్డ పిండితే నీళ్ళు కారేలా ఉంది. దాని కింద ఏమీ లేదు.

ఆ ఆదివారం మా తాతయ్య బండి కట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కాలవలు బాగుచేసే పొడుగు కొక్కేలు రెండు అందులో వేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"నదికి వద్దు నాన్నా" అంది హిల్లి, బెరెండీన వెంట తనూ ఎక్కి కూర్చుంటూ. "సందుకి పోనివ్వండి."

చర్చి గంటలు మోగుతున్నాయి. తేనె సందులో ఆ దుకాణం తలుపుకి తుప్పు పట్టిన తాళం. తాళం మీద సాలెగూడు, చెదరకుండా, మంచు బొట్లతో. కిటికీ గట్టు మీద పక్కపక్కనే, జాగ్రత్తగా పేర్చినట్టు – రెండు కాళ్ళు.

లోపల్నుంచి చప్పుడు. పిండి పిసికే చప్పుడు.

పోలీసును పిలిచి తాళం పగలగొట్టించారు. దుమ్ములో ఒక్క అడుగు గుర్తు లేదు. పిండి తొట్టి ముందు లుబ్బెర్ట్ నిలబడి ఉన్నాడు. జుట్టునుంచి నీళ్ళు కారుతున్నాయి. ఖాళీ తొట్టిలో మోచేతులదాకా చేతులు పెట్టి పిసుకుతున్నాడు.

"లుబ్బెర్ట్, రా నాయనా. ఇంటికి పోదాం" అంది బెరెండీన.

అతను తలెత్తలేదు. గుసగుసగా అన్నాడు – "నెమ్మదిగా మాట్లాడండి అత్తయ్యగారూ. ఏడాది నానాలట... ఈసారి బొమ్మ నన్నే చెయ్యమంది."

మా తాతయ్య టోపీ తీసి అక్కడే మోకరించాడు. ముందు స్టీనా పేరు చెప్పి ప్రార్థించాడు. నదిలో దూకిన పిల్ల అని అంతవరకూ ఏ చర్చిలోనూ ఎవరూ ఆమె పేరు తలవలేదు. ఆ తరవాతే లుబ్బెర్ట్ పేరు చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు.

చేతులు ఆగలేదు.