ఒక్క సంతకం చాలు

ఉదయం ఎనిమిదింటికి మూడో గోడౌన్ తలుపులు తెరిచారు. ఎనిమిదీ పదికి వరసలుగా పేర్చిన బస్తాల నెట్టులోంచి శవం బయటపడింది.

ముందు మూడు బస్తాలు జారాయి. వాటి వెనక రెండు బూట్లు. ఆ తర్వాత మనిషంతా. మెడ వెనక, హమాలీలు బస్తాలు లాగే ఇనప కొక్కెం పిడిదాకా దిగి ఉంది. దాని మొన గొంతు పక్కన పొడుచుకొచ్చింది. చొక్కా నెత్తురుతో అట్టకట్టింది.

చనిపోయినవాడు ఎగుమతి శాఖ నాణ్యత అధికారి.

డిటెక్టివ్ వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఎవరో శవం కళ్ళు మూసి, మొహం మీద ఉతికిన తువ్వాలు కప్పారు.

"ఎవరు కప్పారు?"

"నేనే సార్. ఈగలు ముసురుతుంటేనూ..." అన్నాడు ఒక కానిస్టేబుల్, తప్పు చేసినవాడిలా.

"మంచి పని చేశావయ్యా."

గోడ పక్కన నేల మీదున్న బస్తాల మీద కూర్చున్న ఎస్సై లేచి వచ్చాడు.

"కేసు తేలిపోయింది సార్. కొక్కెం హమాలీ మేస్త్రీది. నిన్న మధ్యాహ్నం అందరి ముందూ ఈయన్ని 'నీ అంతు చూస్తా' అన్నాడు. పట్టుకున్నాం."

"బస్తాలు ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఒక్కటీ కదపనివ్వలేదు సార్."

"మేస్త్రీ ఎక్కడ?"

మేస్త్రీ తూకం గదిలో నేల మీద ఉన్నాడు. చేతులకు బేడీలు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి చీలి గడ్డం మీదుగా నెత్తురు కారుతోంది. కుడిచేతి వేళ్ళు వంకాయల్లా వాచాయి. పక్కనే విరిగిన లాఠీ.

"ఇంకో గంటలో ఒప్పుకుంటాడు సార్," అన్నాడు ఎస్సై.

"ఇంకో దెబ్బ పడిందంటే నా రిపోర్టు నీతోనే మొదలవుతుంది. వెళ్ళి మంచినీళ్ళు తీసుకురా."

ఎస్సై మొహం నల్లబడింది. అయినా వెళ్ళాడు. గ్లాసు మేస్త్రీ చేతిలో నిలవలేదు. డిటెక్టివ్ పక్కన కూర్చుని తానే తాగించాడు.

"ఎందుకు తిట్టావు?"

"కొక్కేలతో సంచులు చింపుతున్నామని కూలి కోస్తానన్నాడు బాబూ. నోరు జారాను. మా ఆవిడ కూడా నా అంతు చూస్తానని రోజూ అంటుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఇంకా చూళ్ళేదు."

"కొక్కెం ఎక్కడ పెడతావు?"

"తలుపు పక్క మేకుకి. అందరివీ అక్కడే. నిన్న నాలుగున్నరకి తగిలించి ఇంటికి పోయాను. మా అమ్మాయికి జ్వరం. రాత్రంతా దాని తల దగ్గరే ఉన్నాను. ఇంటోళ్ళ సాక్ష్యం మీరు నమ్మరుగా."

చావు సాయంత్రం అయిదుకూ ఏడుకూ మధ్య జరిగిందని డాక్టరు అప్పటికే చెప్పాడు.

గోడౌన్ లోపల మొక్కజొన్న బస్తాలు కప్పు దాకా ఉన్నాయి. అంతా రైతు సంఘం సరుకు. ఓడకెక్కడానికి సిద్ధంగా ఉంది. గోడౌన్ సూపరింటెండెంట్ నడుముకు వెడల్పాటి బెల్టు కట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చాడు. వెనకే ఒకతను టీ తెచ్చాడు.

"కూర్చోండి సార్. నాకు నడుం సహకరించదు, కుర్చీ నేను తేలేను, ఏమీ అనుకోకండి. పాపం, ఎంత మంచి మనిషి!"

"ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న అయిదింటికి. ఇంకాసేపు ఉండి, గడియ పెట్టి వెళ్తానన్నారు. నేను ఇంటికి పోయాను. వెనక ప్రహరీ గోడ కూలి ఉంది, ఎవడైనా దూకొచ్చు."

అంతలో తలుపు దగ్గర గొడవ. రైతు సంఘం కార్యదర్శి కానిస్టేబుల్ని తోసుకుంటూ లోపలికొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఆయన్ని నేనూ తిట్టాను సార్. నన్నూ లోపలెయ్యండి!"

"ఎందుకు తిట్టారమ్మా?"

"సంతకం పెట్టలేదని. ఇదివరకు సరుకు ఓడెక్కాలంటే, ప్రభుత్వ బ్యాంకు అప్పు రావాలంటే, అయిదు ఆఫీసుల సంతకాలు కావాలి. అవి పూర్తయ్యేలోపు గింజకి పురుగు పట్టేది. అలా తిరిగి తిరిగే మా అన్నయ్య పొలం అమ్ముకున్నాడు. ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి కొత్త పద్ధతి సాధించాం. నాణ్యత అధికారి ఒక్కడు చూసి సంతకం పెడితే చాలు, బ్యాంకు అప్పిస్తుంది. ఇదే మొదటి సరుకు. ఆయనేమో పెట్టడే!"

"ఏమనేవాడు?"

"'అమ్మా, ఇదివరకు నాతో ఇంకో నలుగురుండేవాళ్ళు. ఇప్పుడు నా తర్వాత చూసేవాడు లేడు. నేను లోపలిదాకా చూడాలి' అనేవాడు. చాదస్తం అనుకున్నాను." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పొద్దున్నే రాజధాని నుంచి ఫోన్. అధికారం ఒక్కడి చేతిలో పెట్టబట్టే హత్య జరిగిందట. మళ్ళీ అయిదు సంతకాలేనట. మేమేం కావాలి సార్?"

"ఆ అయిదుగురూ ఇక్కడికి వచ్చేవారా?"

"రాకేం! సూపరింటెండెంటు గారి గదిలో ఫ్యాను కింద కూర్చుని, టీ తాగి, సంతకాలు చేసి పోయేవాళ్ళు."

డిటెక్టివ్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. తలుపులోంచి గాలి వీచింది. శవం పడిన చోట, ఛాతీ ఎత్తున, ఇంకా జారని బస్తాలు రెండున్నాయి. వాటికి కుట్టిన చీటీలు గాలికి ఊగుతున్నాయి. ఆయన మిగతా నెట్లన్నీ చుట్టి వచ్చాడు. ఇంకెక్కడా ఒక్క చీటీ కనిపించలేదు.

"ఈ చీటీలేమిటండీ?"

"సరుకెవరిదో, ఏ రకమో రాసి బస్తా మూతి దగ్గర కుడతారు," అన్నాడు సూపరింటెండెంట్. "చీటీ కనపడేలా పెట్టండ్రా అని ఈ హమాలీలతో చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది సార్. ఒక్కడూ వినడు."

పన్నెండింటికి అందరినీ నెట్టు ముందుకు పిలిచాడు డిటెక్టివ్. మేస్త్రీ బేడీలతోనే వచ్చాడు.

"ఎస్సైగారూ, మేస్త్రీయే అని ఎందుకంటున్నారు?"

"శవాన్ని కప్పి బస్తాలు మళ్ళీ పేర్చారు సార్. యాభై కిలోల బస్తాని ఈ ఎత్తుకు హమాలీ కాక ఎవడెత్తుతాడు?"

"మేస్త్రీ, బస్తా మూతి ఎటు పెడతారు?"

"లోపలికి బాబూ. కుట్టు విడినా వెనక బస్తా ఒత్తి పట్టుకుంటుంది, గింజ కారదు. తప్పతాగినోడు కూడా మూతి బయటికి పెట్టడు."

"ఆ రెండూ చూడు."

మేస్త్రీ ఒంటికన్నుతో చూశాడు. "ఛీ! ఎవడు పెట్టాడిది?"

డిటెక్టివ్ వయసు మళ్ళినవాడు, సన్నటి మనిషి. ముందుకెళ్ళి ఒక బస్తాను ఒక్కచేత్తో దించాడు. ఎస్సై నోరు తెరుచుకుంది. కత్తితో సంచి చీల్చగానే నేల మీద ఊక పోగుపడింది.

"ముందు వరుసలో మొక్కజొన్న. దాని వెనకంతా ఊక. లోపలి గింజ ఎప్పుడో అమ్ముడైపోయింది," అన్నాడు. "అయిదుగురు ఏళ్ళ తరబడి వచ్చారు. మిగతా నలుగురూ చూసుంటారులే అని ప్రతివాడూ అనుకున్నాడు. నిన్న ఒంటరిగా వచ్చినవాడికి ఆ ధీమా లేదు. ముందున్న నిజం బస్తాలు కిందికి లాగేశాడు. లాగడం ఎవరైనా చేస్తారు. ఆ సందులో తల పెట్టి లోపలికి చూస్తుంటే వెనక నుంచి కొక్కెం దిగింది. హంతకుడు ఆయన కాళ్ళు కూడా లోపలికి తోశాడు. కానీ లాగిన బస్తాలు తిరిగి ఎత్తలేకపోయాడు. అవి ఇంకా నేల మీదే ఉన్నాయి. ఎస్సైగారు పొద్దుట్నుంచీ వాటి మీదే కూర్చున్నారు."

ఎస్సై తల దించుకున్నాడు.

"కాబట్టి ఊక బస్తాలతో కప్పాడు. ఏవి తేలికో అతనికి తెలుసు. చీటీ కనపడేలా పెట్టమనడం అతనికి అలవాటైన మాట. చేతులు వాటంతటవే అలా పెట్టేశాయి. కదండీ, సూపరింటెండెంటు గారూ?"

నడుం నొప్పి మనిషి ఒక్క గెంతులో తలుపు చేరాడు. మేకు మీది కొక్కెం అందుకుని తిరిగాడు. మొదటి దెబ్బకు డిటెక్టివ్ ముంజేయి ఎముకదాకా చీలింది. రెండో దెబ్బ గొంతు మీదికి వస్తుండగా మేస్త్రీ అడ్డుపడ్డాడు. బేడీల గొలుసు కొక్కేనికి తగిలించి, బరువంతా వేసి కిందికి గుంజాడు. సూపరింటెండెంట్ భుజం కీలు ఊడిన చప్పుడు అందరికీ వినిపించింది. అతను ఊకలో పడి అరిచాడు. నలుగురు కానిస్టేబుళ్ళు మీద పడ్డారు. ముక్కు పగిలింది, పళ్ళు రాలాయి.

"చాలు!" అన్నాడు డిటెక్టివ్. "అతన్ని కూడా కొట్టొద్దు."

పొద్దున తువ్వాలు కప్పిన కానిస్టేబుల్ తన బెల్టు తీసి డిటెక్టివ్ చేతికి బిగించి కట్టాడు. ఎస్సై మేస్త్రీ బేడీలు విప్పాడు.

కార్యదర్శి దగ్గరికొచ్చింది. "మళ్ళీ అయిదు సంతకాలేనా సార్?"

"జరిగింది జరిగినట్టు రాస్తానమ్మా. అయిదుగురున్నంత కాలం దొంగ హాయిగా బతికాడు. ఒక్కడు చూశాడు, దొంగ దొరికాడు. ఈ ముక్క చదివాక కూడా రాజధాని వాళ్ళు పాత పద్ధతే అంటే, కోర్టులో నేను నోటితో చెబుతాను."

ఆమె రెండు చేతులూ జోడించి, శవం పడిన చోటు వైపు తిరిగి నిలబడింది. ఆ దండం తనకు కాదని డిటెక్టివ్‌కు తెలిసింది. పక్కకు తప్పుకున్నాడు.

మేస్త్రీ మాత్రం ఇంటికి పోలేదు. నేల మీది నిజం బస్తా ఒకటి, వాచిన వేళ్ళతోనే, మూలుగుతూ ఎత్తి నెట్టులో పెట్టాడు. వెనక్కి జరిగి చూశాడు. మళ్ళీ ముందుకెళ్ళి, మూతి పూర్తిగా లోపలికి నెట్టాడు.