నాది పక్క ఓడ

తెల్లవారి తెర పక్కకు లాగగానే హెర్మీనకు చేతికందే దూరంలో ఇంకో ఓడ కిటికీ కనిపించింది. అందులో చారల పైజమా తొడుక్కున్న ఒక పెద్దాయన పళ్ళు తోముకుంటున్నాడు. నోటినిండా నురగతోనే ఆయన మర్యాదగా తల ఊపాడు. హెర్మీన కూడా తల ఊపి, రాత్రి గౌను మెడ దగ్గర సర్దుకుని, తెర మూసేసింది.

రాత్రి తమ ఓడ వచ్చేసరికి రేవులో చోటు లేక, ముందే ఉన్న ఓడకు ఆనించి కట్టేశారన్నమాట. డాన్యూబ్ మీద ఇది మామూలే. బయటి ఓడలో ఉన్నవాళ్ళు లోపలి ఓడ హాల్లోంచి నడిచి ఒడ్డుకు చేరాలి. తమది 'అగ్నేస్'. లోపల ఉన్నది 'బార్బరా'. రెండూ ఒకే కంపెనీవి. ఒకే తెల్లరంగు, ఒకే తివాచీ, హాలు మధ్యలో ఒకే పింగాణీ పూలకుండీ.

పక్క మంచం ఖాళీగా ఉంది. ఆలోయిస్ ఎక్కడున్నాడో వెతకాల్సిన పనిలేదు. పై అంతస్తులో, చుక్కాని గది కింద, చేతులు వెనక్కి కట్టుకుని, తలెత్తి కెప్టెన్‌ని చూస్తూ ఉంటాడు. పస్సావులో ఎక్కినప్పటి నుంచి అదే వరస.

ఆలోయిస్ బతుకంతా ఈ నది మీదే గడిచింది. సొంత సరుకు ఓడ ఉండేది. కంకర, గోధుమ, బొగ్గు, ఏది దొరికితే అది ఎగువకీ దిగువకీ మోసేవాళ్ళు. హెర్మీన సగం రోజు చుక్కాని పట్టేది, మిగతా సగం వంట చేసేది, బట్టలు ఆరేసేది, నీళ్ళలో పడకుండా కూతురు కోనీ నడుముకు తాడు కట్టి స్తంభానికి ముడేసేది. అదే కోనీ ఇప్పుడు ఈ 'అగ్నేస్' మీద హోటల్ మేనేజరు. అమ్మానాన్నల పెళ్ళిరోజు కానుకగా వాళ్ళను తన ఓడ ఎక్కించుకుంది. ఆ పని చేసినందుకు మొన్నటి నుంచి పశ్చాత్తాపపడుతోంది.

ఫలహారం వేళకు కోనీ వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చింది. కోటు గుండీలన్నీ పెట్టుకుని, ముఖాన నవ్వు పెట్టుకుని, పళ్ళ బిగువున మాట్లాడింది.

"నాన్నా, నిన్న వంతెన దగ్గర ఏం చేశావు?"

"ఏం చేశాను? జాగ్రత్త చెప్పాను."

"పైనున్నవాళ్ళందర్నీ నేలమీద పడుకోబెట్టావు."

"వంతెన తక్కువ ఎత్తులో ఉందే."

"నాన్నా, ఇద్దరు మనుషులు ఒకరి భుజాలమీద ఒకరు నిలబడ్డా తగలదు. వాళ్ళు నిన్ను మా సిబ్బంది అనుకున్నారు. ఒకావిడ లేవలేకపోతే ఇద్దరు వెయిటర్లు వెళ్ళి లేపారు."

"ఆవిడకి బాగా నచ్చింది," అన్నాడు ఆలోయిస్, రొట్టెకు వెన్న రాసుకుంటూ. "మళ్ళీ వంతెన ఎప్పుడొస్తుందని నన్నే అడిగింది."

"మరి లాకుల దగ్గర? ఎడమకి, ఎడమకి అని కింద నుంచి కేకలేశావట. కెప్టెన్ మిరోస్లావ్ పొద్దున్నే నన్ను పిలిచాడు. మీ నాన్నగారంటే గౌరవమే, కానీ ఓడ నడిపేది ఒక్కరే అయితే బాగుంటుంది అన్నాడు."

"ఎడమకే తిప్పాడు కదా చివరికి?"

"లాకు ఎడమనే ఉంది నాన్నా. వేరే దారి లేదు."

హెర్మీన కాఫీ కప్పు వెనక నవ్వు దాచుకుంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కోనీ గడియారం చూసుకుని, "ఇక్కడ డూర్న్‌స్టైన్‌లో మధ్యాహ్నం వరకే ఉంటాం. ఇద్దరూ హాయిగా వెళ్ళి రండి. అమ్మ ఎన్నాళ్ళనుంచో చూడాలనుకుంటున్న ఊరు," అంది.

"మీ అమ్మ వెళ్తుంది. నేను దిగను," అన్నాడు ఆలోయిస్. "మోకులు ఎవరో కొత్తవాడు కట్టాడు. కాస్త చూసుకోవాలి. అయినా నేను చూడని ఊరా అది?"

కోనీ వెళ్ళిపోయేదాకా హెర్మీన ఆగింది. తర్వాత కప్పు కింద పెట్టింది.

"చూశావు కదా, చెప్పు. ఆ చర్చి నీలం గోపురం వెనక ఏముంది?"

"ఊరే ఉంటుంది."

"ఏం ఊరు?"

"ఊరంటే ఊరే హెర్మీ. ఇళ్ళూ గట్రా."

"నాకూ అంతే తెలుసు. ఈ నదిమీద ప్రతి ఊరూ నాకు ఒక్క వైపే తెలుసు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఒక్కసారి ఆగుదామన్నాను. ఆగితే లాకు దగ్గర మన వరస పోతుందన్నావు. ఓడ అమ్మేశాక వెళ్దామన్నావు. అమ్మేశాక కిటికీ దగ్గర దుర్భిణీ పెట్టుకుని కూర్చున్నావు."

"నువ్వే కదా నడిస్తే కాళ్ళు నొప్పులన్నావు."

"నువ్వు ఆపవని తెలిసి అన్నాను. అడిగి లేదనిపించుకోవడం కంటే అదే నయం." ఆమె గొంతు పెంచలేదు. అదే ఆలోయిస్‌కి భయం వేసే సంగతి. "నీ పక్కన బతుకంతా నిలబడ్డాను. ఒక్క పూట నువ్వు నా పక్కన నడుస్తావనుకున్నాను. సరే. సాయంత్రం వియన్నాలో దిగి హిల్డా అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఎప్పుడొస్తానో చెప్పలేను. నువ్వు ఇంటికెళ్ళి ఓడలు చూసుకో."

హెర్మీన గదికి వెళ్ళి, చిన్న పెట్టె సర్ది మంచంమీద పెట్టి, 'బార్బరా' హాల్లోంచి నడిచి ఒడ్డుకు దిగింది.

ఊరు ఆమె అనుకున్నంత గొప్పగా లేదు. అనుకున్న దానికంటే బాగుంది. గోపురం వెనక ఇరుకు వీధి, గులాబీ కుండీలు, గుమ్మంలో నిద్రపోతున్న పిల్లి. ఒకామె మెట్లు కడుగుతూ, "జాగ్రత్త, జారుతుంది," అంది. ఇన్నాళ్ళూ ఇక్కడ మెట్లు కడిగే మనుషులున్నారన్న ఊహే హెర్మీనకు రాలేదు. నీలం గోపురం కింది వసారాలోకి వెళ్ళి గోడమీద చేతులు పెట్టి కిందికి చూసింది. నది ఎంత చిన్నగా ఉందో. దానిమీద ఎవరో సరుకు ఓడ తోలుకుంటూ వెళ్తున్నారు. వెనక తాడుమీద దుప్పట్లు ఆరుతున్నాయి. ఆ ఓడలో ఆడమనిషి తలెత్తి గోపురం వైపు చూసింది. హెర్మీన చెయ్యి ఊపింది. అటు నుంచి కూడా చెయ్యి లేచింది.

అప్పుడే కింద ఓడలోంచి బూడిదరంగు టోపీ ఒకటి దిగింది. ఒడ్డున నిలబడి అటు చూసింది, ఇటు చూసింది. నడక చూడగానే ఆమె గుర్తుపట్టింది. ఆలోయిస్ రెండడుగులు కుడికి వేసి, ఆగి, ఎవరినో అడిగి, తప్పు సందులోకి మళ్ళాడు.

హెర్మీన గబగబా కిందికి దిగింది. ఆ సందు చివరిదాకా వెళ్ళింది, ఎవరూ లేరు. ద్రాక్షతోటల దారిలో చూసింది, లేడు. ఓడ బయలుదేరే వేళ దగ్గరపడితే రేవుకు తిరిగొచ్చింది.

ఈలోగా రేవులో ఓడలు చోట్లు మార్చుకున్నాయి. 'బార్బరా' ముందుగా వెళ్ళాలి కనుక అది బయటికొచ్చింది, 'అగ్నేస్' లోపలికి జరిగింది. ఒడ్డు నుంచి ఓడెక్కే పలక దగ్గర ఆ సంగతి బోర్డుమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. హెర్మీన చదివి, మొదటి ఓడే ఎక్కింది. కాసేపటికి 'బార్బరా' కూత వేసి ఎగువకు కదిలిపోయింది.

ఆలోయిస్ గదిలో లేడు. పై అంతస్తులో కూడా లేడు. కోనీ ముఖం పాలిపోయి రిసెప్షన్ దగ్గరికి పరిగెత్తింది. అక్కడ కొత్తగా చేరిన పిల్ల బిక్కమొహం వేసింది.

"బూడిదరంగు టోపీ పెట్టుకున్న తాతగారేనా? వచ్చారండీ. స్వాగతం అన్నాను. నాది పక్క ఓడమ్మా అని చక్కా వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ, మీ తివాచీ కంటే మా తివాచీ శుభ్రంగా ఉంటుంది అని కూడా అన్నారు."

కోనీ గోడకి చేరగిలబడింది. "నలభై ఏళ్ళు నదిమీద బతికినవాడు," అంది నెమ్మదిగా.

"బోర్డు చదివి ఉండడు," అంది హెర్మీన. "చదివితే పరువు పోదూ."

పైనుంచి కెప్టెన్ మిరోస్లావ్ కబురు పంపాడు. తల్లీ కూతుళ్ళు చుక్కాని గదిలోకి వెళ్ళేసరికి రేడియోలో ఎవరో ఆపకుండా మాట్లాడుతున్నారు. ఓడకీ ఓడకీ మధ్య నడిచే మాట అది. చుట్టుపక్కల నదిమీద ఉన్న ప్రతి కెప్టెన్‌కీ వినిపిస్తుంది.

"...మీ మనిషి మా పై అంతస్తులో కూర్చున్నాడు," అంటున్నాడు 'బార్బరా' కెప్టెన్. "ఓడ దిగువకి పోవాలి కదా, ఇంకా ముక్కు తిప్పడేంటి అని జనమందరికీ చెబుతున్నాడు. ముందు వంపు దగ్గర నది వెడల్పు, అక్కడ తిప్పుతాడు చూడండి అన్నాడు. వంపు దాటిపోయింది. ఈ కెప్టెన్‌కి దారి కూడా తెలీదని ఇప్పుడు నాకే చెప్పడానికి వచ్చాడు. ఇదుగో, మాట్లాడండి."

కెప్టెన్ మిరోస్లావ్ నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడుతూ రేడియో హెర్మీన చేతికిచ్చాడు. దాన్ని పట్టుకోవడం ఆమెకు కొత్త కాదు.

"ఆలోయిస్."

అటువైపు గరగర శబ్దం.

"హెర్మీ. ఇది మన ఓడ కాదు."

"తెలుసు."

"నీకోసం దిగాను. ఆ ఊళ్ళో నాకు ఒక్క వీధి కూడా తెలీదు. గోపురం ఇక్కడే, నదిలోంచి రోజూ చూసేదే, దాని దగ్గరికి పోయే దారి నలుగుర్ని అడిగాను. ఎక్కేసరికి నువ్వు లేవు. ఆ గోడ దగ్గర నిలబడి కిందికి చూశాను." మళ్ళీ గరగర. "అక్కడ నుంచి మన ఓడ వెళ్తుంటే ఎలా ఉండేదో. నువ్వు బట్టలు ఆరేస్తూ. చూసినవాళ్ళు ఆ అమ్మాయి ఎందుకు దిగదో అనుకుని ఉంటారు."

కోనీ కిటికీ వైపు తిరిగిపోయింది.

"ఆప్రికాట్ రొట్టెలు రెండు కొన్నాను," అన్నాడు ఆలోయిస్. "ఒకటి తినలేదు. పెట్టె సర్దేశావా?"

ఆమె జవాబు చెప్పేలోగా మధ్యలో ఇంకో గొంతు దూరింది. "ఆలోయిస్ మావా, నేను సరుకు ఓడ మీద ఎంగెల్‌బెర్ట్‌ని. చర్చికి వెళ్ళడానికి దారి అడిగావా? నాకు లాకుల దగ్గర ఎన్ని పాఠాలు చెప్పావు మావా." వెంటనే ఇంకొకరు, ఆడగొంతు: "ఆయన్ని వదిలెయ్. పొద్దున గోపురం దగ్గర చెయ్యి ఊపింది నువ్వేనా హెర్మీనక్కా? లోపల బాగుందా?"

"బాగుంది," అంది హెర్మీన. "నువ్వూ దిగి చూడు. మీ ఆయన 'ఎప్పుడో వెళ్దాంలే' అంటాడు. వినకు."

నదిమీద ఎక్కడెక్కడో నవ్వులు వినిపించాయి. ఆమె గొంతు సవరించుకుంది.

"ఆలోయిస్, వాళ్ళు నిన్ను మెల్క్‌లో దింపుతారు. నేను అక్కడికి రాను. ఇన్నాళ్ళూ నువ్వు ఆపిన చోట నేను ఎదురుచూశాను. ఇవాళ నేను ఉన్నచోటికి నువ్వు రా. రైలెక్కి వియన్నా రా."

"రైల్లోనా? రైలు నాకెలా తెలుస్తుంది?"

"బోర్డులు చదువు."

సాయంత్రం వియన్నా రేవులో హెర్మీన ఒడ్డున నిలబడింది. పెట్టె పక్కనే ఉంది. కోనీ దాన్ని చూసీ చూడనట్టు అటూ ఇటూ తిరుగుతోంది. ఊరి వైపు నుంచి, రోడ్డు దాటి, నడిచి వస్తున్నాడు ఆలోయిస్. నలిగిన కాగితం పొట్లం గుండెకు పట్టుకున్నాడు. రేవును వెనకవైపు నుంచి ఎన్నడూ చూడనివాడిలా ప్రతి స్తంభం దగ్గరా ఆగుతున్నాడు.

ఆమె ముందు నిలబడి పెట్టె వైపు చూశాడు.

"హిల్డా ఇల్లు ఎటు?"

"ఎందుకు?"

"నీతో వస్తాను. ఆ ఇల్లు కూడా నేను చూడలేదు."

హెర్మీన పొట్లం విప్పింది. రొట్టె చితికి ముద్దయిపోయింది. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, రెండోది అతని నోటికి అందించింది. కళ్ళు తుడుచుకుని పెట్టెను కోనీ వైపు జరిపింది. "గదిలో పెట్టించమ్మా. అక్క ఇంటికి రేపు పొద్దున ఇద్దరం వెళ్ళొస్తాం."

ఓడ ఎక్కేచోట ఆలోయిస్ ఆగాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, బోర్డు ముందు వంగి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివాడు. తృప్తి కలగలేదు. లోపల రిసెప్షన్ దగ్గర కొత్త పిల్ల లేచి నిలబడితే, టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"ఇది మా ఓడేనా అమ్మా?"

"మీదే తాతగారూ."

"రాసి ఇస్తావా?" అన్నాడు ఆలోయిస్. హెర్మీన అతని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.