నావాడని చెప్పలేని మాంత్రికుడు

నీలగుట్ట రాజ్యంలో ఒక ఏడాది గొర్రెలకంటే మనుషులే ఎక్కువ వణికారు. దానికి కారణం ఒక తోడేలు. పొద్దు వాలితే చాలు, అది కోట గుమ్మం ముందుకొచ్చి కూర్చునేది. ఎవరినీ కరవలేదు, ఒక్క గొర్రెపిల్లనైనా ముట్టలేదు. ఊరికే కూర్చుని కోటవైపు చూసేది. అదేం విచిత్రమో, కరిచే జంతువుకంటే చూసే జంతువంటేనే జనానికి ఎక్కువ భయం. సంతలు మూతబడ్డాయి, మందలు కొండకెళ్ళడం మానేశాయి. ధీరసింహ మహారాజు పదోనాడు పెద్దవేట అని చాటింపు వేయించాడు.

ఆ తోడేలు ఎవరో రాజ్యం మొత్తంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ నోరు విప్పలేదు. పిల్లలూ, వాణ్ణి తిట్టాలనిపిస్తోంది కదూ? తిట్టండి, నేనేమీ అనుకోను. ఎందుకంటే వాడు నేనే.

నా పేరు చిత్రభాను. ఆస్థాన మాంత్రికుణ్ణి. పిడుగును దారి మళ్ళించాను, ఎండిన వాగును పారించాను. ఇంత బతుకూ బతికి ఇంటెనకాల చచ్చినట్టు, ఒక్క చిన్న మాట దగ్గర బోర్లాపడ్డాను.

మా నీలగుట్టలో ఒక ఆచారం ఉంది. తొలకరికి మందలు కొండెక్కే ముందు, కోట గుమ్మం రాతి దగ్గర కాపరులకు నల్ల ఉన్నిదారంతో రక్ష కడతారు, తోడేళ్ళు దగ్గరికి రాకుండా. కట్టేవాళ్ళు తల్లో, భార్యో, అన్నో అయ్యుండాలి. ముడి వేసేముందు అందరూ వినేలా "వీడు నావాడు, నాకు ఫలానా" అని చెప్పాలి. అబద్ధం చెప్పి వేస్తే ముడి తిరగబడుతుంది, కాపాడాల్సిన దారమే కాటేస్తుంది. ఈ సంగతి ఊరందరికీ నేర్పింది ఎవరనుకున్నారు? నేనే!

గంగులుకు తల్లిదండ్రులు లేరు. ముప్పై గొర్రెల కాపరి. ఒకసారి కుంటుతున్న గొర్రెపిల్లను ఎత్తుకుని నా దగ్గరికొచ్చాడు. నాకు పిడుగులు తెలుసు గాని డెక్కలు తెలియవు. నేను తడబడుతుంటే పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి నాకు కోపం రావాలి, రాలేదు. ఆ తర్వాత ప్రతి గురువారం ఆ పిల్లను తెచ్చేవాడు. అది కుంటడం మానేశాక కూడా తెచ్చేవాడు. ఏమయ్యా అని నేనూ అడగలేదు. అలా మేమిద్దరం ఒకరికొకరమైపోయాం. లోకంలో నన్ను "భానూ" అని పిలిచింది అతనొక్కడే.

రక్ష కట్టే రోజు వచ్చింది. గంగులు నా ముందుకొచ్చి మణికట్టు చాచాడు. "ఇతనికి కట్టేదెవరు? ఇతను మీకేమవుతాడు స్వామీ?" అని మంత్రిగారు ముసిముసిగా నవ్వుతూ అడిగాడు. నా ఒంటిమీద పట్టుబట్టలు, చుట్టూ ఊరంతా. మగవాడు మగవాణ్ణి ప్రేమించాడంటే నవ్వుతారని, అందులోనూ గొర్రెల కాపరినా అని ఇంకా నవ్వుతారని నా భయం. "ఏమీ కాడు," అన్నాను. "దిక్కులేనివాడు కదా, జాలిపడి కడుతున్నాను." అని ముడి వేశాను. గంగులు మణికట్టువైపు చూసుకుని, గొంగడి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కొండదారిలో అతను తోడేలయ్యాడు. తెల్లవారితే మనిషి, పొద్దు వాలితే తోడేలు. సొంత గొర్రెలే అతన్ని చూసి పరుగెత్తాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

వేట చాటింపు వినగానే గంగులును వెంటబెట్టుకుని అడవికి బయల్దేరాను. సాహసం అనుకోకండి. అందరి ముందూ నిజం చెప్పకుండా ముడి విప్పే ఉపాయం వెతకడానికి వెళ్ళాను. అంతే సంగతి.

మొదటి అడవిలో ఒక ముని తన పాత చెప్పు కుట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ముడి ఎక్కడ పడింది నాయనా?"

"కోట గుమ్మం రాతి దగ్గర, స్వామీ."

"ఎవరి ముందు?"

"ఊరందరి ముందు."

"మరి అడవికెందుకొచ్చావు?"

"వేరే దారి లేదా స్వామీ?" అని నసిగాను. ముని దారం పళ్ళతో కొరికి, "ఉంది. మూడో అడవిలో మరపుకోనేరు. దాన్ని ఒక ఉడుము కాస్తుంది. కాని ఒకటి గుర్తుంచుకో. ఇప్పటికి ఒకసారి ఇతన్ని కాదన్నావు. మూడోసారి కాదన్నావంటే లోపలి మనిషి ఇక ఎప్పటికీ తిరిగి రాడు," అన్నాడు. గంగులు పక్కనే ఉండి అంతా విన్నాడు.

రెండో అడవి కనుమలో ఒక రాక్షసి దారికడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కన ఆమె తోడికోడళ్ళు నలుగురు ఒకరికొకరు పేలు చూసుకుంటున్నారు. అప్పటికే పొద్దు వాలింది, గంగులు తోడేలై నా పక్కన నిలబడ్డాడు.

"ఒంటరివాళ్ళను తింటాను, తోడున్నవాళ్ళను వదిలేస్తాను. మా ఇంటి పద్ధతి అది," అంది రాక్షసి. "వీడెవడ్రా నీకు?"

తోడికోడళ్ళు పేలు చూడ్డం ఆపి నావైపు చూశారు. ఒకతె అప్పుడే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నా బుద్ధి గడ్డి తిన్నది పిల్లలూ. "నా కుక్క," అన్నాను.

అందరూ విరగబడి నవ్వారు. "కుక్కైనా తోడే, పో!" అని దారిచ్చారు. నా పక్కన నల్లదారం చుర్రుమంటూ బిగుసుకున్న చప్పుడు నాకు వినపడింది.

మర్నాడు మధ్యాహ్నం అంబలి పంచుకుంటుంటే గంగులు అన్నాడు, "తోడేలుకు చెవులు బాగా వినపడతాయి భానూ."

"ప్రాణం కాపాడుకోవడానికి అన్నాను గంగులూ..."

"నావాడని అన్నా వదిలేసేదే కదా. తోడుంటే చాలంది కదా ఆమె." అతని గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది. "నేను అంత హీనంగా ఉన్నానా? చెప్పుకోవడానికి కుక్క నయమా?"

నేను నోరు తెరిచేలోపే అతని వేళ్ళు గోళ్ళయ్యాయి. సూర్యుడు నడినెత్తినే ఉన్నాడు. ఆ రోజునుంచి అతనికి మనిషి రూపం మిట్టమధ్యాహ్నం దాకే మిగిలింది. ఒలికిన అంబలిని తోడేలు ముట్టలేదు.

మూడో అడవిలో మరపుకోనేరు దొరికింది. మెట్టుమీద కాలు పెట్టానో లేదో, తాటిమానంత ఉడుము నా మడమ పట్టుకుంది. ఉడుంపట్టు అంటారే, అది ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఏడు మంత్రాలు చదివాను, వేలు కూడా సడలలేదు.

"నిజం చెబితే వదులుతాను," అంది ఉడుము. "ఆ తోడేలు నీకేమవుతాడు?"

అక్కడ రాజు లేడు, మంత్రి లేడు, నవ్వేవాళ్ళు లేరు. "నేను ప్రేమించినవాడు," అనేశాను. పట్టు ఊడిపోయింది. తోడేలు తోక ఒక్కసారి కదిలింది. నేను రొమ్ము విరుచుకున్నాను కూడా, ఎంత సిగ్గులేనివాణ్ణో చూడండి.

"ఎవరూ లేనిచోట ధైర్యం బాగానే ఉంది," అంది ఉడుము. "సొరకాయబుర్రలో నీళ్ళు నింపుకో. ముడి పడ్డ రాతి దగ్గర దారంమీద పోస్తే ముడి కరుగుతుంది. నువ్వేమీ చెప్పక్కర్లేదు. కాకపోతే ముడి వేసినవాణ్ణి అతను మరిచిపోతాడు. నువ్వెవరో కూడా తెలియదు."

బుర్ర నింపుకున్నాను. వద్దని చెప్పి వెనక్కి తిరిగుంటే ఈ కథ చెప్పేటప్పుడు కాస్త తలెత్తుకునేవాణ్ణి.

పదోనాడు మధ్యాహ్నం కాబోతుండగా కోట కనిపించే మిట్టమీద గంగులుతో అంతా చెప్పాను.

"నీకంత కష్టంగా ఉంటే పోసెయ్యి. నేనేమీ అనను," అన్నాడు. "కాని గురువారం వస్తుంది కదా భానూ. గొర్రెపిల్లను ఎత్తుకుంటాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియక దారిలో నిలబడిపోతాను. అది తలుచుకుంటేనే..." అని ముఖం తిప్పుకున్నాడు. మధ్యాహ్నమైంది. అతని మాట అక్కడితో ఆగిపోయింది.

మేము గుమ్మం చేరేసరికి వేటగాళ్ళు చుట్టుముట్టారు. విల్లులు లేచాయి. తోడేలు పళ్ళు చూపలేదు, పారిపోలేదు. తిన్నగా ఆ రాతి దగ్గరికి నడిచి, దానిమీద తల వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

"చిత్రభానూ, పక్కకు జరుగు!" అని అరిచాడు మహారాజు. "ఏమిటి, ఆ జంతువు నీకేమన్నా అవుతుందా?"

మళ్ళీ అదే ప్రశ్న. అదే చోటు, అదే ఊరు. మంత్రిగారిది మళ్ళీ అదే నవ్వు. నా చేతిలో బుర్ర ఉంది, వంచితే చాలు. అతను బతుకుతాడు, నా పరువూ బతుకుతుంది. కాని గొర్రెపిల్లతో దారిలో నిలబడిపోయిన గంగులే కళ్ళ ముందు కనిపించాడు. బుర్ర విసిరికొట్టాను. దూరంగా ఒలికిన నీళ్ళను ఒక వేటకుక్క నాకింది. ఆ తర్వాత యజమాని ఎంత పిలిచినా, ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసింది.

"జంతువు కాదు మహారాజా, గంగులు!" అన్నాను. "ఆనాడు ఏమీ కాడన్నాను. కనుమలో కుక్కన్నాను. రెండూ అబద్ధాలే. ఇతను నావాడు. నేను ప్రేమించినవాడు. మీరు నవ్వుతారని సిగ్గుపడి ఇతన్ని తోడేలును చేశాను. బాణం వెయ్యాల్సింది నామీద."

పుటుక్కున దారం తెగింది. రాతిమీద తల పెట్టుకుని గంగులు ఉన్నాడు, మనిషి గంగులు. ఎవరో గొంగడి కప్పారు.

నేను నవ్వులకోసం తల వంచుకుని ఎదురుచూశాను. చల్లలమ్మే పోలమ్మవ్వ గుంపు తోసుకుని ముందుకొచ్చింది.

"ఓరి నీ మొహం మండ! ఈ ముక్క చెప్పడానికి మూడడవులు తిరిగొచ్చావా?" అంది. "ఏడాదిగా కుంటని గొర్రెపిల్లను వైద్యానికి మోసుకెళ్తుంటే మాకు కళ్ళు లేవనుకున్నావా? ఊరందరికీ తెలుసు కదరా! నువ్వెప్పుడు చెప్తావా అనే చూస్తున్నాం!"

అప్పుడు నవ్వారు, ఊరంతా. మంత్రిగారు కూడా. అప్పుడర్థమైంది, ఆ ముసిముసి నవ్వు వెక్కిరింత కాదని, నా నోట వినాలన్న ముచ్చటని. పిల్లలూ, లేని పాముకు భయపడి, ఉన్న మనిషిని కాటు వేయించాను. ఆ క్షణం పడ్డ సిగ్గు ముందు అంతకుముందు పడిందంతా దిగదుడుపే.

గంగులు వెంటనే క్షమించాడా? లేదు! ఎందుకు క్షమించాలి? "ఆలోచించుకోవాలి," అన్నాడు. ఏడాదిపాటు ప్రతి గురువారం ఆ గొర్రెపిల్లను నేనే ఎత్తుకుని అతని దొడ్డికి వెళ్ళాను. అప్పటికది పిల్ల కాదు, బలిసిన గొర్రె. నడుం విరిగేది. పట్టుబట్టలన్నీ గొర్రెకంపు. సంతలో జనం ఆగి మరీ చూసేవాళ్ళు, నేను పలకరించేవాణ్ణి.

మరుసటి తొలకరికి రక్ష కట్టే రోజున నేను మణికట్టు చాచాను. గంగులు ఊరంతా వినేలా, "వీడు నావాడు. నేను మనువాడబోయేవాడు," అని ముడి వేశాడు. ఆ మాట అతనికి ఒక్క ఊపిరి కూడా పట్టలేదు. మహారాజే దగ్గరుండి పెళ్ళి చేయించాడు. పోలమ్మవ్వ పెళ్ళికంతా చల్ల పోసింది.

ఇప్పుడు మా ఇద్దరికీ తలలు నెరిశాయి. ఆ దారం ఇంకా నా చేతికే ఉంది. అంతా హాయిగానే ఉన్నాం, ఒక్కటి తప్ప. రోజూ అన్నం వేళకు గంగులు పీట వేసుకుని కూర్చుని, "ఏమయ్యా భానూ, నీ కుక్కకు కూడా కాస్త పెడతావా?" అంటాడు. అని పకపకా నవ్వుతాడు. నేను సిగ్గుతో తల దించుకుంటాను. దించుకునే, ముందు అతనికి వడ్డిస్తాను.

కథ దొడ్డికి చేరింది. ఇక మీరూ మీమీ ఇళ్ళకు చేరండి.