కంబారి పేరున రెండెకరాలు

విశాఖ మల్కాపురంలో ఆ ఆదివారం పొద్దున్న అప్పలసూరి మల్లెమొక్క ఆకుల మీద పడిన పోర్టు బొగ్గు పొడిని తడిగుడ్డతో తుడుస్తున్నాడు.

"సాయంత్రానికి మళ్లీ నల్లబడతాయి నాన్నా" అంది కూతురు ఆశాజ్యోతి.

"అప్పటిదాకా ఊపిరాడతాది కదమ్మా."

వీధిలో కారు ఆగింది. దిగినాయన్ని చూడగానే అప్పలసూరి భుజం మీది తువ్వాలు చంకలోకి వెళ్లిపోయింది. వచ్చింది ఎలమంచిలి దగ్గరి పాత దొర కొడుకు శ్రీరామ్మూర్తి. అప్పలసూరి తన తండ్రి చేసిన అప్పు కింద ఆ ఇంట్లో పద్నాలుగేళ్లు కంబారిగా కట్టుబడి బతికాడు. వెట్టి రద్దు చట్టం వచ్చాకే పోర్టులో కూలికి చేరాడు.

"ఏరా సూరీ, కులాసానా?"

"మీ దయ బాబూ."

ఆశాజ్యోతికి ఒళ్లు మండిపోయింది.

శ్రీరామ్మూర్తి కుర్చీలో కూర్చుని కాగితం తీశాడు. భూపరిమితి చట్టం వచ్చిన రోజుల్లో పొలం దాచుకోవడానికి వాళ్ల నాన్న రెండెకరాలు కంబారి పేరున రాయించాడు. ఇప్పుడది హైవేలోకి పోయింది. నష్టపరిహారం అప్పలసూరి పేరున వచ్చింది.

"మాది మాకొదిలేస్తున్నట్టు సంతకం పెట్టు. నీకూ ఏదో ముట్టజెప్తాలే."

"కాలేజీలో నేను చెప్పే చరిత్ర పాఠం ఇదేనండీ" అంది ఆశాజ్యోతి. "ఇంగ్లీషువాళ్లు బానిసల్ని విడిచిపెట్టినప్పుడు నష్టపరిహారం తోటల యజమానులకిచ్చారు. బానిసలకి పైసా ఇవ్వలేదు. పైగా ఇంకొన్నేళ్లు ఊరికే చాకిరీ చేయించుకున్నారు."

"పాఠాలు కాలేజీలో చెప్పుకోమ్మా. పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం."

అప్పలసూరి పెన్ను అందుకున్నాడు.

"సంతకం పెట్టావంటే నన్నింక కూతురని పిలవకు నాన్నా." అంది ఆశాజ్యోతి.

ఆయన పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"మా అమ్మ పోయిన రోజు, కోతలని సెప్పి మీ అయ్యగారు నన్నొగ్గలేదు. నానెళ్లేసరికి బూడిదే మిగిలింది. ఆ మర్నాడే మీరు నా బొటనేలు సిరాలో ముంచి ఈ పొలం కాగితం మీద నొక్కించారు. కంబారోడి పేరు ఖాళీ గోనెసంచి, అందులో ఏటి దాసినా అడగదనుకున్నారు. ఇంకెవులూ నా ఏలు పట్టుకోకుండా సంతకం నేర్సుకున్నాను బాబూ. మీరెప్పుడొస్తారా అని అప్పట్నుంచీ సూస్తన్నాను. సంతకం ఎట్టను."

"కోర్టుకీడుస్తానురా."

"ఈడ్సండి. అక్కడైతే నన్ను పూర్తి పేరెట్టి పిలుస్తారు."

శ్రీరామ్మూర్తి లేచాడు.

"ఎండన పడొచ్చారు. బాబుకి మజ్జిగియ్యమ్మా, గ్లాసుతో. ఆళ్లు మాకు దోసిట్లో పోసేవోరు. మనకా అలవాటు లేదు."

ఆశాజ్యోతి తెచ్చిన గ్లాసు ముట్టకుండానే ఆయన వెళ్లిపోయాడు.

ఆమె ఆ గ్లాసుతోనే గుమ్మంలో నిలబడిపోయింది. తను ఒకటో తరగతి చదివేటప్పుడు నాన్న బస్తాలు మోసొచ్చి, రోజూ తన పలక అడిగి తీసుకునేవాడు. ఆయన రాసిన వంకర అక్షరాలు చూసి తను పకపకా నవ్వేది. తనతో ఆడుకుంటున్నాడనుకుంది అన్నాళ్లూ. కళ్లు నిండిపోయాయి. వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"నిన్ను పిరికివాడివనుకున్నాను నాన్నా."

అప్పలసూరి ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"పిరికోడినే తల్లీ. అందుకే యాభై ఏళ్లు పట్టింది."