వరసలో దాటేసిన పిల్ల

“ఆ టీ తాగుతావా, పారబొయ్యనా?” అత్తగారు వంటింట్లోంచి కేకేసింది.

టీచరమ్మ ఆగమన్నట్టు ఒక చెయ్యి ఊపింది. రెండో చేతిలో ఫోను. సెలవులిచ్చిన మర్నాడే హెడ్‌మాస్టరు ఆమెకి ఈ పని అంటగట్టాడు. తరగతిలో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తింటున్నారా, నిద్రపోతున్నారా, దిగులేమైనా ఉందా అని కనుక్కోవాలట. పిల్లలు ఒంటరితనంతో కుంగిపోకూడదట. మంచి ఆలోచనే. మరి టీచర్లకి సెలవులుండవా అని అడిగిన నాథుడే లేడు.

“అమ్మ కోప్పడిందా నాన్నా? ఏడవకు. నాతో చెప్పుకున్నావుగా,” అంటోంది ఫోన్లో, తేనెలొలికే గొంతుతో.

అప్పుడే కూతురు గదిలోంచి బయటికొచ్చింది. చెదిరిన జుట్టు, నిన్నటి బట్టలు. తనదీ అదే బడి, అదే తరగతి. బడిలో తల్లిని అందరిలాగే ‘టీచర్’ అని పిలవాలని ఇంట్లో గట్టి కట్టుబాటు.

ఫోన్ పెట్టేసి తల్లి అటు తిరిగింది. ఆ తేనె ఎటు పోయిందో ఏమో.

“ఇదా లేచే వేళ? ఆ అవతారమేంటి?”

“నేనింక ఆ బడికి వెళ్లను. వేరే బడిలో చేర్పించు.”

సెలవులిచ్చినప్పట్నుంచీ ఇదే పాట.

“మళ్లీ మొదలెట్టావా! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అక్కడ నీకేం తక్కువ? ఎదురుగా అమ్మే ఉంటే!”

“అదే తక్కువ!”

“నన్ను విసిగించకు. ఇంకా సగంమందికి చెయ్యాలి.”

“చేసుకో. హాజరుపట్టీలో నా ముందమ్మాయికి నిన్న చేశావు. నా తరవాతబ్బాయికి ఇప్పుడే చేశావు. మధ్యలో నేనున్నాను.”

టీచరమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది.

“పిచ్చిదానా! పక్కగదిలో ఉన్నదానికి ఫోనేమిటే?”

నవ్వకుండా ఉండాల్సింది. కూతురు లోపలికెళ్లి ధడాలున తలుపేసుకుంది.

“చూశారా అత్తయ్యా, దాని పొగరు!”

అత్తగారు టీ గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టింది. “చూస్తూనే ఉన్నాను. నిన్నట్నుంచీ నా ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎందుకే అంటే, ‘నా వంతు వస్తుంది నానమ్మా’ అంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చంతా గెలిచేశావులే తల్లీ!”

టీచరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. కూతురి పేరు రాగానే, ‘ఇంట్లోదేగా’ అని దాటేసింది తనే. బడిలోనూ అంతే. పక్షపాతం అంటారని, ఆ పిల్ల చెయ్యెత్తినా అడగదు.

అత్తగారి నంబరుకి ఫోన్ చేసింది. గదిలో చాలాసేపు మోగింది.

“హలో... టీచర్?”

టీచరమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

“టీచర్ కాదు, అమ్మని. తిన్నావా?”

“లేదు.”

“నిద్ర పడుతోందా?”

“లేదు.”

“దిగులుగా ఉందా తల్లీ?”

తలుపు అవతల వెక్కిళ్లు, ఫోన్లోనూ అవే వెక్కిళ్లు. “నేనొస్తే అందరూ మాటలాపేస్తారమ్మా, నీకు చెప్పేస్తానని. సెలవుల్లో ఒక్కళ్లూ ఫోన్ చెయ్యలేదు. నువ్వైనా చేస్తావనుకున్నా.”

టీచరమ్మ కళ్లనీళ్లు ఆగలేదు. ఫోను చెవినుంచి తియ్యకుండానే తలుపు దగ్గరికెళ్లింది.

“బడి మారుద్దాం. లేదా నేనే వేరే తరగతికి మారతాను. నువ్వెలా అంటే అలా. తలుపు తియ్యవే.”

“ఇంకా అడగాలిగా. వాళ్లందర్నీ చాలా అడిగావు.”

టీచరమ్మ అక్కడే నేలమీద కూలబడి తలుపుకి ఆనుకుంది. “అడుగుతాను. అన్నీ అడుగుతాను.”

మధ్యలో హెడ్‌మాస్టరు ఫోను వస్తున్నట్టు చప్పుడైంది. ఆమె పట్టించుకోలేదు. అత్తగారు చల్లారిన టీ పారబోసి, మళ్లీ స్టవ్ వెలిగించింది.

అడగాల్సినవన్నీ అడిగాక, వెనక గడియ తీసిన చప్పుడైంది.